రెండు విమానాలు, ఒక ట్రైలరు, ధర్మవరం దారి

హిందూపురం వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో అందరూ అడిగిన మొదటి మాట, లేపాక్షి చూశావా అని. చూడలేదు. నేను చూసింది ఒక వెల్డింగ్ షాపు, ఒక ఇనప ట్రైలరు, అందులో రెండు విమానాలు, వాటిని ధర్మవరం దాకా తీసుకెళ్ళిన రోడ్డు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి ముందే చేరిపోగలిగిన దారి అది. మేము రెండో రోజుకి గానీ చేరలేదు.

విమానాలంటే మనుషులెక్కేవి కావు. కింద నిలబడి, చేతిలో రిమోటు పట్టుకుని ఎగరేసేవి. అలాగని పిల్లల పుట్టినరోజుకి కొనిచ్చేవీ కావు. వీటిలో పెద్దదానికి రెక్కలు బిగిస్తే ఈ కొస నుంచి ఆ కొసకి ఇద్దరు మనుషులు వరసగా పడుకోవచ్చు. పెట్రోలు ఇంజను ఉంటుంది. గాల్లో ఎంత బలమో, నేల మీద అంత బలహీనం. వేలితో గట్టిగా నొక్కితే పైన అంటించిన పల్చటి కవరు చిరుగుతుంది, లోపలి కర్ర పుటుక్కుమంటుంది. ఎగరేసేటప్పుడు పోయిన విమానాల కంటే రోడ్డు మీద తీసుకెళ్తుంటే పోయినవే ఎక్కువని ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ ఒప్పుకుంటారు.

నాకీ పిచ్చి మా అన్నయ్య వల్ల వచ్చింది. పోస్టాఫీసు ఉద్యోగం అయిపోయాక ఇంకాస్త ముదిరింది. మస్తాన్ వలీకి ఎవరి వల్లా రాలేదు. హిందూపురంలో వెల్డింగ్ పని చేసుకునే మనిషి, పుట్టపర్తి వైపు దిగే చిన్న విమానాలను చూసీ చూసీ తనంతట తనే మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళ కిందట బెంగళూరు బయట ఒక మైదానంలో మాలాంటివాళ్ళంతా చేరినప్పుడు నా విమానం చక్రాల కమ్మీ విరిగింది. ఎవరో ఒకాయన దాన్ని పట్టుకుని మాయమైపోయి, పక్క ఊళ్ళో షాపు వెతికి, అతికించి తెచ్చిచ్చాడు. పేరేమిటని అడిగితే అప్పుడు చెప్పాడు, మస్తాన్ అని. అప్పటి నుంచి నేను అతనికి అక్కని.

ఈ ఏడాది ఎండలు ముదరకముందే ఫోన్ చేశాడు.

"అక్కా, ధర్మవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ ఒకటుండాది. వాళ్ళు నా విమానాలు తీసుకుంటామంటాండారు. పిల్లోళ్ళకి నేర్పిస్తారంట, ఎగరేస్తారంట. నువ్వు రావల్ల."

"నేనెందుకు మస్తానూ?"

"నీ కండ్లు తీసుకోని రా. చేతులు నావే ఉండాయి."

షుగరు వల్ల అతని చూపు తగ్గిందని తెలుసు. ఎంత తగ్గిందో స్టేషన్లో దిగాక తెలిసింది. నేను ఎదురుగా నిలబడి పలకరిస్తే, నా భుజం పక్కన ఎక్కడో చూస్తూ నవ్వాడు.

హిందూపురం

షాపు వెనకే ఇల్లు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. వీధిలోకి వస్తే సగం కన్నడం. కూరగాయలామె డబ్బుని దుడ్లు అంటుంది, మస్తాన్ కూడా అదే అంటాడు. పొద్దున్నే మస్తాన్ భార్య నూర్జహాన్ ఉగ్గాని చేసిపెట్టింది. మా వైపు బొరుగులంటే, అదే మరమరాలంటే, సాయంత్రం పొట్లంలో తినే చిరుతిండి. ఇక్కడ వాటిని నానబెట్టి, పోపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి, కడుపునిండా టిఫిన్ చేసేస్తారు. నేను రెండోసారి పెట్టించుకున్నాను. మస్తాన్ ముట్టుకోలేదు.

"తినకుంటే ఎట్ల? మాత్రలేసుకోవల్ల గదా," అంది నూర్జహాన్.

"తింటాలే."

ఆమె వంటింట్లోకి నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. "డాక్టరు ఎడమ కన్ను ఇంగ రాదన్యాడు. కుడిదాంట్లో వెలుతురు మాత్రం తెలుస్తాదంట. దానికి ఈయన ఒక్క రోజు కూడా ఏడవలేదక్కా. స్థలమాయన షాపు పడగొట్టాల, ఖాళీ చేయమన్న రోజు మాత్రం అన్నం తినలా. మేం పోయే ఇంట్లో ఆ రెక్కలు వాకిట్లో కూడా పట్టవు."

అంటే కాలేజీకి ఇవ్వడం దానం కాదు. వేరే దారి లేదు.

విమానాలు రెండూ షాపు కప్పుకి తాళ్ళతో కట్టి ఉన్నాయి. పసుపుది పెద్దది, రెండు రెక్కలు ఒకదానిమీద ఒకటి ఉండే పాతకాలపు నమూనా. తెల్లది దానికంటే చిన్నది, పొడుగాటి రెక్కలది. ఆ రోజంతా వాటిని దించి ట్రైలర్లో సర్దడంతోనే సరిపోయింది.

ట్రైలరు మస్తాన్ చూపున్నప్పుడు సొంతంగా చేసుకున్నది. నాలుగు వైపులా రేకు, వెనక తలుపు, పైన గాలి ఆడటానికి చిన్న కిటికీలు. ఎండకి లోపల వేడెక్కితే రెక్కల మీద కవరు సడలి ముడతలు పడుతుంది, అందుకని. కుదుపు తగ్గడానికి కింద కమాను పట్టీల్లో ఒకటి తీసేశాడు, టైర్లలో గాలి తగ్గించాడు. రెక్కలు విప్పి, నూర్జహాన్ పాత దుప్పట్లతో కుట్టిన సంచుల్లో దూర్చి, పరుపు స్పాంజి కోసి చేసిన గాడుల్లో నిలువుగా నిలబెట్టాం. పడుకోబెడితే వాటి బరువుకి అవే వంగుతాయి. పెట్రోలు వంచేశాం. బ్యాటరీలు తీసి జీపులో పెట్టుకున్నాం.

"నడుము మీద పట్టీ వేయొద్దక్కా, నలుగుతాది. చక్రాల కాళ్ళకే కట్టల్ల. బరువంతా ట్రైలరు ముందుభాగానికి ఒక పిసరు ఎక్కువుండల్ల, లేకుంటే రోడ్డు మీద తోకాడిస్తాది," అని చెబుతూ, నేను కట్టిన ప్రతి పట్టీనీ వేళ్ళతో తడిమి చూశాడు. రెండింటిని విప్పించి మళ్ళీ కట్టించాడు. పట్టీల కొక్కేలు ట్రైలరు నేలకి అతికించిన ఇనప రింగుల్లో పడతాయి. పసుపుదాని వెనక రింగు కొత్తగా మెరుస్తోంది. నేను దాన్ని కూడా లాగి చూశాను. గట్టిగానే ఉంది.

నూర్జహాన్ తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. తలుపు మూసేముందు లోపలికి చెయ్యి పెట్టి, దుప్పటి సంచి ఒకటి సరిచేసి, వెళ్ళిపోయింది.

పెనుకొండ

మర్నాడు పొద్దున బయల్దేరాం. జీపు తోలింది ఓబులేసు. మస్తాన్‌కి పాత స్నేహితుడు. బోర్లు ఎండిపోయాక సేద్యం వదిలేసి బాడుగ జీపు నడుపుతున్నాడు. వెనక తగిలించిన ట్రైలరుని అద్దంలో చూసుకుంటూ, సైకిళ్ళకి కూడా దారిస్తూ పోయాడు. నేను వెనక సీట్లో, మస్తాన్ ముందు సీట్లో. గతుకు వచ్చిన ప్రతిసారీ మస్తాన్ తల కొంచెం పక్కకి వంచి వెనకాల్నించి వచ్చే చప్పుడు వినేవాడు.

మాకు కృష్ణ కాలవ పక్కన రోడ్లు. ఎటు చూసినా పచ్చగా, బురదగా ఉంటుంది. ఇక్కడ రాళ్ళ గుట్టలు, వాటి మధ్య ఎర్ర నేల, ఎప్పటిదో దున్ని వదిలేసిన చాళ్ళు. ఒక చోట చీనీ తోట, అంటే మా బత్తాయి తోట, మొత్తం ఎండి కట్టెలై నిలబడి ఉంది.

"నరికేయరా వాటిని?" అని అడిగాను.

"నరకాలంటే మనసు రాదు మేడం. నేను రెండేండ్లు చూసినా నాదాన్ని," అన్నాడు ఓబులేసు.

పెనుకొండ ఊళ్ళోకి వచ్చేసరికి ఎండ పేలుతోంది. ట్రైలరు నీడలో పెట్టి ఒకసారి తలుపు తెరిచి చూద్దామని ఆగాం. కానిస్టేబుల్ ఒకాయన దగ్గరికొచ్చాడు.

"ఏముండాదప్పా లోపల?"

"విమానాలు సార్," అన్నాడు ఓబులేసు.

"నాతో ఎకసెక్కాలా?"

ఓబులేసు తలుపు తీశాడు. కానిస్టేబుల్ తల లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత బూట్లు విప్పాడు. ఎందుకు విప్పాడో నాకు అర్థం కాలేదు, బహుశా ఆయనకీ కాలేదేమో. ఫోన్లో ఫోటో తీసుకుని, "మా ఇంట్లో చూపిస్తా" అని, ముందర రోడ్డు పని జరుగుతోంది చూసి పొమ్మని చెప్పి వెళ్ళాడు.

పెనుకొండ దర్గాలో పూలు ఇచ్చి రమ్మని నూర్జహాన్ చెప్పి పంపింది. మస్తాన్ నా మోచెయ్యి పట్టుకుని నడిచాడు. లోపల హిందువులూ ముస్లిములూ కలిసే కూర్చున్నారు. ఒక ముసలామె కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. మా ఊళ్ళో కూడా దర్గాలకి అందరూ పోతారు, కొబ్బరికాయ మాత్రం నేను అక్కడే చూశాను. మస్తాన్ చేతులు చాచి చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చాక, కళ్ళ కోసం అడిగావా అన్నాను.

"లేదక్కా. రోడ్డు కోసం అడిగినా."

దర్గా బయట చక్కెర, బొరుగుల పొట్లం ఇరవై రూపాయలు. దుకాణపతను ఇంకో గుప్పెడు బొరుగులు ఊరికే పోశాడు. జీపులో ముగ్గురం అవే తింటూ బయల్దేరాం. ఆ కాసేపూ అందరం కొంచెం తేలిగ్గా ఉన్నామనే అనుకుంటున్నాను. ఓబులేసు పాట కూడా అందుకున్నాడు.

ఎర్రమంచి దాటాక

పెద్ద కార్ల ఫ్యాక్టరీ ఉన్న చోటు అది. రెండంతస్తుల లారీల మీద కొత్త కార్లు వరసగా ఎక్కించి తీసుకుపోతున్నారు. ఒక్కో కారు నాలుగు చక్రాలకీ పట్టీలు. మస్తాన్‌కి చెబితే సంతోషించాడు. "చూసినావా, వాళ్ళూ కాళ్ళకే కడతారు," అన్నాడు.

ఇంకొంచెం ముందుకి పోయాక రోడ్డు పని కోసం మమ్మల్ని పక్క దారిలోకి మళ్ళించారు. మట్టి దారి, ముందు లారీ దుమ్ము. ఆ దుమ్ములోంచి గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. ఓబులేసు బ్రేకు తొక్కాడు. జీపు ఆగింది. వెనక ట్రైలరు మమ్మల్ని ఒక్క తోపు తోసి ఆగింది. ఆ తోపు తర్వాత లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఎండు కొమ్మ విరిచినట్టు, చాలా చిన్నది. నాకు వినిపించిందో లేదో అన్నంత చిన్నది.

మస్తాన్ కళ్ళు మూసుకున్నాడు. "పసుపుది," అన్నాడు.

తలుపు తీశాం. పసుపు విమానం కట్టు ఊడి ముందుకి జారిపోయి ఉంది. ఇంజను రేకుకి గుద్దుకుని, దాన్ని బిగించిన ముందుపలక పగిలింది. అది జారుతూ రెక్కల గాడిని తన్నింది. పై రెక్క స్పాంజి మీదుగా ఒరిగి, మధ్యలో మడత పడింది. దుప్పటి సంచి బయటికి మామూలుగానే ఉంది. తాకితే లోపల కర్ర ముక్కలు చేతికి తగిలాయి. తెల్లదానికి ఏమీ కాలేదు.

గొర్రెలు కాసే మనిషి కర్ర భుజాన వేసుకుని వచ్చాడు. తిడతాడనుకున్నాను. లోపలికి చూసి, "ఎంత పనాయె," అన్నాడు. "నా గొర్రెలవల్లే గదా."

"నీవల్ల కాదన్నా," అన్నాడు మస్తాన్.

"బ్రేకు నిదానంగా తొక్కిండాల్సింది నేను," అన్నాడు ఓబులేసు.

మస్తాన్ ట్రైలర్లోకి ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, నేల తడుముకుంటూ ముందుకి పోయాడు. పట్టీ తెగలేదు. కొక్కెం పోలేదు. కొత్తగా మెరుస్తున్న ఆ ఇనప రింగు నేల మీద నుంచి ఊడి, పట్టీకి వేలాడుతోంది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని, అతుకు ఉన్న చోట బొటనవేలితో రాశాడు. అటూ ఇటూ చాలాసార్లు రాశాడు.

"ఇది పోయిన నెల నేను అతికించింది," అన్నాడు. "పాత రింగు అరిగిపోతే. ఇంకెవురినీ పిలవబుద్ధి కాలేదు. మంట కనపడతాండాది గదా అనుకున్యా. కరిగిన ఇనుము అతుకు మీద పడలేదక్కా. పక్కన పడింది."

నిన్న నేనూ లాగి చూశాను కదా అనాలని నోటిదాకా వచ్చింది. అది అతనికి సాయపడే మాట కాదు.

"ముప్పై ఏండ్లు చేసినా ఈ పని," అన్నాడు మస్తాన్. రింగుని జేబులో వేసుకోబోయి, మళ్ళీ బయటికి తీసి, చేలోకి విసిరేశాడు.

గొర్రెలాయన మంద తోలుకోకుండా మేము మళ్ళీ అన్నీ కట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు మస్తాన్ చెయ్యి పట్టుకుని, "పోయొస్తానప్పా," అని మాత్రం అన్నాడు.

చెన్నేకొత్తపల్లి

ఓబులేసుకి చెన్నేకొత్తపల్లిలో తెలిసినవాళ్ళున్నారు. ఏసోబు, మేరమ్మ. ఏసోబు తలుపులు కిటికీలు చేస్తాడు. మేరమ్మ అంగన్‌వాడీలో పని చేస్తుంది. గోడ మీద సిలువ, పక్కన పిల్లల స్కూలు ఫోటోలు. మేము ఎవరమో ఏమిటో అడగకముందే మేరమ్మ మంచినీళ్ళిచ్చి, చాప పరిచింది.

విరిగిన రెక్కని వసారాలో పరిచాం. సంచి విప్పితే కర్ర పుల్లలు రాలాయి. మస్తాన్ రెక్క ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్ళతో చూశాడు. రెక్క పొడుగునా వెన్నెముకలాగా పోయే కర్ర మధ్యలో విరిగింది. పక్కటెముకల్లాంటి అడ్డపుల్లలు ఎన్నో పోయాయి. ఏసోబు పల్చటి ప్లైవుడ్ కోసిచ్చాడు. మస్తాన్ జిగురు రాసి, విరిగినచోట రెండు వైపులా అతికించాడు. నేను కవరు చిరుగుల మీద టేపు అంటించాను.

ఏసోబు రెక్కని వెలుతురుకి ఎత్తి చూసి, "బాగా వచ్చిందన్నా," అన్నాడు.

మస్తాన్ నావైపు తిరిగాడు. "అక్కా, నిజం చెప్పు. గాల్లో ఆగుతాదా?"

"ఆగదు మస్తానూ. చూడటానికి మాత్రం బాగానే ఉంటుంది."

తల ఊపాడు. అతనికి ముందే తెలుసు. ఇంకొకరి నోటితో వినాలనుకున్నాడు, అంతే.

మేరమ్మ రాగి సంగటి, శనక్కాయ ఊరుబిండి, వంకాయ పులుసు పెట్టింది. పచ్చడిని వీళ్ళు ఊరుబిండి అంటారు. మా వైపు సంగటి షుగరున్నవాళ్ళు డాక్టరు చెప్పాడని తింటారు. ఇక్కడ అది అన్నం. ముద్ద నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి. నేను నమిలాను. మేరమ్మ నవ్వి, ఎలా మింగాలో చూపించింది. ఆ నవ్వు విని మస్తాన్ కూడా ఒక ముద్ద తిన్నాడు. తిని, చెయ్యి కంచంలోనే పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"మా నాయనకీ కండ్లు పోయినాయి," అంది మేరమ్మ అతని కంచంలో పులుసు వేస్తూ. "మొదట్లో కొట్టుకులాడినాడు. తర్వాత తర్వాత అలవాటు పడిపోయినాడు."

"ఎన్ని దినాలకి అలవాటు పడినాడమ్మా?"

మేరమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "మా ముందర అట్ల చెప్పేవాడు," అంది.

జిగురు ఆరాలి కాబట్టి ఆ రోజు అక్కడే ఉండిపోయాం. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఏసోబు రింగు ఊడిన చోట రెండు బోల్టులు బిగించి, దానికి పట్టీ కట్టాడు. ఏమీ తీసుకోనన్నాడు.

ధర్మవరం

ధర్మవరంలో ఒక సందులో మమ్మల్ని ఆపేశారు. వీధి పొడుగునా పట్టు పడుగు, అంటే చీరకి నిలువు పోగులు, సాగదీసి, ఇద్దరు ఆడవాళ్ళు తెగిన పోగులు ముడివేస్తున్నారు. ఎర్రటి దారాలు, ఎండలో నీళ్ళలాగా మెరుస్తున్నాయి. జీపు ఇంజను ఆపమన్నారు, దుమ్ము లేస్తుందని. వాళ్ళ పని అయ్యేదాకా ఆగాం. మా ప్రాంతంలో మంగళగిరి నేత చూశాను గానీ, రోడ్డునే మగ్గం ముంగిలి చేసుకోవడం ఇక్కడే చూశాను. ఆ రోజు మాకు తొందరేమీ లేదు కూడా.

కాలేజీ ఊరి బయట. గేటు దగ్గర మమ్మల్ని కలిసినామె ప్రసన్న, అక్కడ లెక్చరరు. మస్తాన్‌కి ఫోన్ చేసి విమానాలు అడిగింది ఆమే. ముప్పై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూడగానే ముఖం దించుకుంది.

"అన్నా, మీరు బయల్దేరినారని తెలిసినాక చెప్పల్లంటే నోరు రాలేదు. ఎగరేసేదానికి ఒప్పుకోవట్లేదు మా వాళ్ళు. ఎవురికైనా తగిలితే ఎట్ల అంటాండారు. దానికని చూసిన గ్రౌండు బస్సులు పెట్టుకునేదానికి ఇచ్చేసినారు."

"మరి వీటినేం చేస్తారు?" అని నేనడిగాను.

"ముందర హాలు ఉండాది కదా మేడం. పైన వేలాడదీస్తామన్నారు. ఇంజన్లు తీసేసి." ఆమె మస్తాన్ వైపు తిరిగింది. "నేను చానా చెప్పినాను. నన్ను నమ్మండి."

మస్తాన్ అటూ ఇటూ తల తిప్పాడు. ఏ వైపు కాలేజీ ఉందో, ఏ వైపు రోడ్డుందో తెలుసుకుంటున్నట్టు. నేను అతన్ని పక్కకి తీసుకెళ్ళి, వెనక్కి తీసుకుపోదాం, తెనాలిలో మా ఇంట్లో పెడతాను, లారీ మాట్లాడతాను అన్నాను.

"అంత దూరమా అక్కా? ఇంత దూరానికే ఒకటి పోయింది."

"తెల్లది బాగానే ఉంది కదా."

"బాగుండాది. ఈ పొద్దు బాగుండాది." ట్రైలరు తలుపు తడిమి, "ఒక్కసారి దాన్ని ఎగరేస్తావా? నేనూ ఉంటా," అన్నాడు.

ప్రసన్నకి తెలిసిన ఒక రైతు చేను, శనక్కాయ పీకేసి ఖాళీగా ఉంది. అక్కడ తెల్లదానికి రెక్కలు బిగించాం. ప్రతి మరా మస్తానే బిగించాడు. బ్యాటరీలు పెట్టి, పెట్రోలు పోశాం. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అతను నా వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేశాడు. గట్టి నేల చూసి పరుగెత్తించాను. లేచింది. ఇన్ని కుదుపులు తిని వచ్చింది కదా, తడబడుతుందేమో అనుకున్నాను. తడబడలేదు. చెట్ల మీదుగా పోయి, వెనక్కి తిరిగి, మా తలల మీదుగా పోయింది.

"యాడుండాది?"

"ఎడమవైపు, గుట్ట మీద. తిప్పుతున్నాను."

"ఎండకి ఎదురుగా తీసుకురా అక్కా. నీడ తెలుస్తాదేమో చూస్తా."

తీసుకొచ్చాను. సూర్యుడికీ మాకూ మధ్య నుంచి వీలైనంత కిందుగా తీసుకొచ్చాను. విమానం నీడ మా మీదుగా జారిపోయింది. మస్తాన్ ముఖం పైకెత్తే ఉంచాడు.

"తెలిసిందా?"

"లేదు."

ఇంకోసారి తీసుకొచ్చాను. ఇంకా కిందికి. ఓబులేసు భయపడి కూర్చున్నాడు.

"చాల్లే అక్కా," అన్నాడు మస్తాన్. "దింపేయ్."

దింపాను. చాళ్ళ మధ్య మెత్తగా దిగింది. ప్రసన్న ఏడుస్తోంది. మస్తాన్ ఏడవలేదు. విమానం దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. వేడిగా ఉన్న ఇంజను మీద చెయ్యి పెట్టి, అది చల్లబడేదాకా అలాగే కూర్చున్నాడు.

హాలు

మధ్యాహ్నం కాలేజీ హాల్లోకి మోశాం. ఇంజన్లు విప్పాం. కొక్కేలు బిగించడానికి వచ్చిన మనిషి డ్రిల్లు మిషను తగిలించి, పసుపుదాని వీపు మీద పెట్టబోయాడు.

"ఆడ కాదప్పా," అన్నాడు మస్తాన్. "ఆడ లోపల ఖాళీ. చీలిపోతాది. ఇట్లియ్యి."

డ్రిల్లు తీసుకుని నన్ను పిలిచాడు. విమానం వీపు మీద వేళ్ళతో కొలుచుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. "నిలువుగా ఉండాదా చూడు," అన్నాడు. ఉందన్నాను. నొక్కాడు. కర్ర పొట్టు సన్నగా పైకి లేచింది. పసుపుదానికి నాలుగు చోట్ల, తెల్లదానికి మూడు చోట్ల. తెల్లదాని దగ్గరకొచ్చేసరికి అతని చెయ్యి ఆగింది. నేను తీసుకోబోయాను. ఇవ్వలేదు. తనే చేశాడు.

నిచ్చెనలేసి పైకి లాగారు. పసుపుదాని మీద నేనంటించిన టేపు కింద నుంచి కనపడలేదు. నిజానికి రెండూ అందంగా ఉన్నాయి.

క్లాసులు వదిలారు. పిల్లలు గుంపులుగా వచ్చి తలలెత్తి చూసి, ఫోన్లతో ఫోటోలు తీసుకుని పోతున్నారు. ఒక అమ్మాయి మాత్రం పోలేదు. తెల్లదాని కింద నిలబడి, అటు నుంచీ ఇటు నుంచీ చూసి, ఇవి ఎవరు చేశారని ప్రసన్నని అడిగి, మా దగ్గరికొచ్చింది.

"అంకుల్, ఇది నిజంగా ఎగురుతాదా?"

నేను నోరు తెరిచాను. ఇంకా నా వేళ్ళకి రిమోటు పుల్లల తిమ్మిరి పోలేదు. మస్తాన్ నా మణికట్టు పట్టుకుని నొక్కాడు.

"ఎగరదు తల్లీ," అన్నాడు. "ఇది బొమ్మ."

ఆ అమ్మాయి ఇంకోసారి పైకి చూసి, సరే అని వెళ్ళిపోయింది. మస్తాన్ నా మోచెయ్యి అందుకున్నాడు. మేము బయటికి నడిచాం.